టర్బో పోయిందా? మార్చే ముందు దాని కథ వినండి

ఈసారి మిరప గురించి కాదు, కారు గురించి రాస్తున్నా. పెద్ద పోస్టే, తీరిక చూసుకుని చదవండి.

మన ఊళ్ళో ఇప్పుడు పాత డీజిల్ కార్లు ఓ పదిహేను ఉంటాయి. అన్నీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే, 2010 నుంచి 2014 మధ్య మోడళ్ళు. ఈ మూడేళ్ళలో నాలుగు కార్లకి టర్బో పోయింది. నాదానికైతే రెండుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ రచ్చబండ దగ్గర ఒకటే మాట: "ఈ టర్బో అనేదే దండగ యవ్వారం, వెనకటి అంబాసిడర్‌కి ఉందా ఇది?" నేనూ అదే అన్నా. రెండోసారి జేబు ఖాళీ అయ్యాక మాత్రం, అసలు ఇది ఎక్కడ పుట్టింది, మన చిన్న కారులోకి ఎందుకొచ్చింది అని చదవడం మొదలుపెట్టా. చదివాక నాకు అర్థమైంది ఒకటే. ఈ సామాను దానంతట అది చచ్చేది చాలా తక్కువ. ఎక్కువసార్లు దాన్ని ఎవరో ఒకరు చంపుతారు. నా కారు విషయంలో ఆ ఎవరో నేనే.

ముందు ఇది చేసే పనేంటో చెప్తా. కొలిమి దగ్గర తిత్తి ఊదితే బొగ్గు ఎట్లా రాజుకుంటుందో, ఇంజనుకి గాలి ఎక్కువ పెడితే అంత ఎక్కువ డీజిల్ శుభ్రంగా కాలుతుంది. ఆ గాలిని నొక్కి లోపలికి పంపే చక్రం అచ్చం మన మోటారు పంపులో ఇంపెల్లర్ లాంటిదే. దాన్ని తిప్పడానికి వేరే మోటారు ఉండదు. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఇంకో చక్రాన్ని తిప్పుతుంది, రెండు చక్రాలకీ ఒకటే ఇరుసు. బయట పారబోసే పొగతోనే పని చేయించుకోవడం అన్నమాట.

ఈ ఆలోచన ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరుది. 1879లో వింటర్‌థూర్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ఊళ్ళోనే సుల్జర్ అనే పెద్ద ఇంజన్ల కంపెనీ ఉంది, వాళ్ళ నాన్న అందులోనే పనిచేశాడు, తర్వాత ఈయనా చేశాడు. ఇంజనులో కాలిన ఇంధనం బలంలో పెద్ద వాటా పొగగొట్టంలో వేడిగా పోతుంది కదా, దాన్ని పట్టుకుందాం అని 1905 నవంబర్‌లో పేటెంట్ తీసుకున్నాడు. కాగితం మీద బాగానే ఉంది గానీ, 1915లో చేసిన నమూనా సరిగ్గా పని చెయ్యలేదు. గెలవడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. 1925లో జర్మనీ ప్రయాణికుల ఓడలు రెండిటికి, ప్రాయిసెన్, హాన్సెష్టాట్ డాన్‌జిగ్ అని వాటి పేర్లు, ఈయన పద్ధతిలో టర్బోలు పెట్టారు. 1,750 హార్స్ పవర్ ఇంజను 2,500 ఇచ్చింది. మిరప నారు రెండుసార్లు చస్తేనే మనం ఆ ఏడు వదిలేస్తాం. ఆయన ఇరవయ్యేళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

ఈలోగా అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఆయన ఇంకో అవసరం కోసం ఇదే పని మీద ఉన్నాడు. విమానం పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను నీరసపడుతుంది. 1918లో ఆయన లిబర్టీ అనే విమానం ఇంజనుని లారీ మీద పెట్టి, కొలరాడోలో 14,000 అడుగుల పైన ఉండే పైక్స్ పీక్ కొండ మీదికి తీసుకెళ్ళి అక్కడ నడిపి చూపించాడు. టర్బో పెడితే కింద నేల మీద ఇచ్చిన బలం కొండ పైన కూడా ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు అంత ఎత్తున ఎగిరింది ఈ టర్బోల వల్లే.

యుద్ధం తర్వాత ఇది నేల మీదికి దిగింది, అదీ మన పక్కకే దిగింది. కాలిఫోర్నియాలో గారెట్ కంపెనీ వాళ్ళు 1954లో క్యాటర్‌పిల్లర్ డీ9 బుల్డోజర్ కోసం టర్బోలు చెయ్యడానికి ఒప్పుకున్నారు. 1961లో ఆలిస్ చామర్స్ వాళ్ళ డీ19 ట్రాక్టరు ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చింది. దున్నే ట్రాక్టరులో అట్లా రావడం అదే మొదలు. కాబట్టి టర్బో కారు వాళ్ళ ఫ్యాషన్ సామాను అని ఎవరైనా అంటే నమ్మకండి. కారు కన్నా ముందు దాన్ని మోసింది ట్రాక్టరే.

కారులోకి వచ్చింది 1962లో, జనరల్ మోటార్స్ వాళ్ళ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ అనే రెండు పెట్రోలు కార్లతో. ఇందులో జెట్‌ఫైర్ కథ మనం తప్పకుండా తెలుసుకోవాలి. ఇంజను నాకింగ్ రాకుండా దానికి ఒక ప్రత్యేకమైన ద్రవం పొయ్యాలి. నీళ్ళు, మిథనాల్ కలిపిందే, పెద్ద విశేషమేం లేదు. ఆ డబ్బా అయిపోతే కారు తనంతట తనే టర్బో గాలి తగ్గించేసుకునేది. చాలామంది ఓనర్లు ఆ డబ్బా నింపడం మానేశారు. తర్వాత బండి లాగట్లేదని కంప్లయింట్లు! రెండేళ్ళకే ఆ కారు ఆపేశారు. చాలా కార్లకి టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ పెట్టి ఇచ్చారు. అది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. అరవయ్యేళ్ళ తర్వాత నేను చేసింది కూడా అదే కదా.

పెట్రోలు కన్నా డీజిల్ ఇంజనుకి టర్బో బాగా కుదురుతుంది, దానికి నాకింగ్ బాధ ఉండదు. 1978లో మెర్సిడెస్ 300ఎస్‌డీ టర్బో డీజిల్ కారుగా అమ్మకానికొచ్చింది. 1997లో కామన్ రైల్ పంపుతో ఆల్ఫా రోమియో 156 వచ్చింది. 2003లో ఫియట్ వాళ్ళు 1,248 సీసీ చిన్న డీజిల్ ఇంజను తెచ్చారు. ఇక్కడే మన కథ మొదలు.

1998 డిసెంబర్‌లో వచ్చిన మొదటి ఇండికా గుర్తుంది కదా, టర్బో లేదు, 1,405 సీసీకి 53 హార్స్ పవర్ పైచిలుకు. ఏసీ వేసి నలుగురు ఎక్కితే ఘాట్ రోడ్డులో ఎద్దుబండితో పోటీ. ఈ 1,248 సీసీ ఇంజను అంతకన్నా చిన్నది, ఇచ్చేది 75 దాకా. కొంత కామన్ రైల్ పుణ్యం, కొంత టర్బో పుణ్యం. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో ఇది మన రోడ్ల మీదికి వచ్చింది. ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, అన్నిట్లో ఇదే గుండె. 2010లో పెట్రోలు ధర మీద కంట్రోలు తీసేశారు, డీజిల్ మీద 2014 అక్టోబర్ దాకా ఉంచారు. 2012లో రెండిటికీ లీటరుకి 25 రూపాయల పైన తేడా ఉన్న రోజులున్నాయి. ఆ ఏడాది అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. పట్నం వాళ్ళు ఐదారేళ్ళు తిప్పి మనకి అమ్మారు. 2020లో బీఎస్6 వచ్చేసరికి ఆ ఇంజను తయారీయే ఆగిపోయింది. అట్లా పట్నం కారు మన చేతికొచ్చింది. దాని అలవాట్లేంటో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ అలవాట్లలో మొదటిది నూనె. మన సబ్‌మెర్సిబుల్ మోటారు బుష్‌లు నీళ్ళ పొర మీద తిరుగుతాయని మీకు తెలుసు. బోరు ఎండిపోయి మోటారు ఒట్టిగా తిరిగితే ఏమవుతుందో కూడా తెలుసు. టర్బో ఇరుసు కూడా అట్లాగే బుష్‌ల్లో ఇంజనాయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. మన మోటారు నిమిషానికి 2,900 లోపే తిరుగుతుంది. చిన్న కారు టర్బో గట్టిగా తొక్కినప్పుడు రెండు లక్షల దాకా పోతుంది. ఒక పక్క చక్రం కణకణలాడే పొగలో, రెండో పక్క చక్రం చల్లగాలిలో. మధ్యలో పెన్సిలంత ఇరుసు. దాన్ని కాపాడేది సన్న గొట్టంలో వచ్చే నూనె ఒక్కటే. ఆ కారులో మొత్తం ఆయిల్ పట్టేది మూడు లీటర్లకి కాస్త అటూ ఇటూ. ట్రాక్టరుకి పట్టేదాంతో పోలిస్తే చెంబెడు. అందుకే తొందరగా పాడవుతుంది.

నా సంగతి చెప్తా. కారు పేరు చెప్పను, తప్పు దానిది కాదు. ఆ ఏడు మిరప కోతల హడావుడిలో ఆయిల్ మార్చకుండా 18,000 కిలోమీటర్లు తిప్పేశా. తగ్గిందని ఇంట్లో ఉన్న ట్రాక్టరాయిల్ ఒక లీటరు పోశా. ట్రాక్టరుకి పోసేది 15డబ్ల్యూ40, చిక్కన. నా కారు పుస్తకంలో రాసింది 5డబ్ల్యూ30, పలచన. కొన్నాళ్ళకి యాక్సిలేటర్ తొక్కితే అంబులెన్సు సైరన్ లాగా సన్నగా కూత మొదలైంది. బండి ఇరుసుకి కందెన లేకపోతే కుయ్యిమంటే మనకి వెంటనే తెలుస్తుంది. ఇది మాత్రం ఏదో బెల్టు చప్పుడులే అని రెండు నెలలు తిరిగా. గుంటూరు యార్డు నుంచి వస్తుంటే ఒకరోజు వెనకంతా నీలం పొగ, బండి లాగదు.

దగ్గర్లో ఉన్న మెకానిక్ టర్బో విప్పి లోపలి కోర్ మార్చాడు. నూనె గొట్టం ముట్టుకోలేదు. నేనూ అడగలేదు, నాకేం తెలుసు. నాలుగు నెలలకి మళ్ళీ అదే కూత, అదే పొగ.

రెండోసారి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళా. అక్కడ వయసైన మేస్త్రీ ఒకాయన టర్బో జోలికి పోకుండా ముందు ఆ నూనె గొట్టం విప్పి, రంపంతో కోసి నాకు చూపించాడు. లోపలంతా బొగ్గు పేరుకుపోయి సూది దూరేంత సందు మిగిలింది. "మీరు టర్బో మార్చారు, దాని దాహం తీర్చలేదు బాబాయ్" అన్నాడు. ఛాంబర్ కూడా దించితే స్ట్రెయినర్ జాలీ జిగటతో సగం మూసుకుపోయి ఉంది.

ఆయన చేసిన పని గుర్తున్నంత వరకు రాస్తా, మీ మెకానిక్‌ని అడగడానికి పనికొస్తుంది. గొట్టం కొత్తది, దాని బోల్టు వాచర్లు కొత్తవి వేశాడు. అక్కడ సిలికాన్ పేస్టు అసలు పుయ్యొద్దన్నాడు, ముక్క ఊడితే మళ్ళీ అదే అడ్డం పడుతుంది. ఇంటర్‌కూలర్ విప్పి పాత టర్బో కక్కిన నూనె మొత్తం కడిగాడు. అది కడక్కపోతే స్టార్ట్ చేసినప్పుడు ఆ నూనె ఇంజనులోకి పోయి, తాళం తీసినా ఆగకుండా ఇంజను తనంతట తను పరిగెత్తే ప్రమాదం ఉంది. (మీకెవరికైనా దారిలో అట్లా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, టాప్ గేరు వేసి క్లచ్ వదిలి ఇంజనుని చంపెయ్యాలి. బానెట్ ఎత్తి చెయ్యి పెట్టొద్దు.) కొత్త ఆయిలు, ఫిల్టరు వేశాడు. టర్బో నూనె రంధ్రంలో చేత్తో కాస్త ఆయిల్ పోశాడు. ఇంజెక్టర్ల కనెక్షన్లు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా ఒట్టి సెల్ఫ్ కొట్టించి, ఆ తర్వాతే స్టార్ట్ చేశాడు. ఐదు నిమిషాలు యాక్సిలేటర్ ముట్టుకోనివ్వలేదు.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. బండి లాగకపోతే ప్రతిసారీ టర్బో పోయినట్టు కాదు. ఇంటర్‌కూలర్ రబ్బరు గొట్టం చిరిగినా, సన్నటి వాక్యూమ్ పైపు ఊడినా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా అట్లాగే ఉంటుంది. మా బావమరిది కారుకి టర్బో కొత్తది వెయ్యాలని ఒకచోట అంచనా రాసిచ్చారు, చూస్తే చిరిగిన రబ్బరు గొట్టం. గొట్టంలో కొంచెం నూనె తడి కనపడటం మామూలే, దానికి భయపడొద్దు. టర్బో ముక్కు దగ్గర ఇరుసు పట్టుకుని కదిపి చూడాలి. పక్కలకి పిసరంత ఆడితే పర్లేదు. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా అప్పుడు పోయినట్టు.

మార్చాలా, కారే అమ్మెయ్యాలా అనేది అందరూ అడిగే ప్రశ్న. నా లెక్క ఇది. ముందు ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి చూడండి. గుప్పుగుప్పుమని పొగ తన్నుతుంటే రింగులు అరిగినట్టు. అట్లాంటి ఇంజనుకి కొత్త టర్బో పెట్టినా లోపలి ఒత్తిడికి టర్బోలో నూనె కిందికి దిగదు, అదీ కక్కుతుంది. అప్పుడు టర్బో మీద డబ్బు పెట్టొద్దు. ఇంజను గట్టిగా ఉంటే మాత్రం పెట్టొచ్చు. కోర్ మార్చడం పూర్తి కొత్తదాని ఖరీదులో సగం లోపే అయ్యింది నాకు, కానీ బ్యాలెన్సింగ్ చేసిన కోర్ అని కాగితం చూసి తీసుకోండి. గొట్టానికి, స్ట్రెయినర్‌కి, ఆయిలుకి అయ్యే ఖర్చు దాని పక్కన చాలా చిన్నది, నేను మొదటిసారి మిగుల్చుకున్నది ఆ చిన్న ఖర్చే.

ఇప్పటికి 22,000 కిలోమీటర్లు అయ్యింది, కూత లేదు. పుస్తకంలో 10,000 అని ఉన్నా 7,500కే ఆయిల్ మారుస్తున్నా. హైవే మీద గట్టిగా వచ్చాక వెంటనే తాళం తియ్యకుండా ఒక నిమిషం ఒట్టిగా తిరగనిస్తా, వేడి మీద ఆపితే లోపల నిలిచిన నూనె మాడి బొగ్గవుతుంది. ఇంట్లో వాళ్ళు "దిగరేంటి" అని అడుగుతారు, అడగనీ. కోసిన ఆ గొట్టం ముక్క మా పంచలో కిటికీలో పెట్టా. చూడాలనుకున్నవాళ్ళు వచ్చి చూడొచ్చు.