స్పానిష్ తరగతిలో తొలి ఏడాది: ఉర్దూ, బెంగాలీ, తెలుగు పిల్లలకు ఏది సులువు? ఏది కష్టం?

కోల్‌కతా నగరానికి నైరుతి మూలన, హుగ్లీ తీరాన ఉన్న మెటియాబ్రుజ్‌లో ఉదయం నుంచి రాత్రి వరకు వినిపించేది కుట్టుమిషన్ల చప్పుడు. 1856లో అవధ్ రాజ్యాన్ని కోల్పోయిన నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికి చేరి, 1887లో మరణించే వరకు ఇక్కడే నివసించారు. ఆయన వెంట వచ్చిన పరివారంతో పాటు లఖ్‌నవూ ఉర్దూ కూడా ఈ నేలలో స్థిరపడింది. నేడు ఇక్కడి పిల్లవాడు ఇంట్లో ఉర్దూ లేదా బెంగాలీ, వీధిలో ఆ రెండూ కలిపి, బడిలో ఇంగ్లిష్, మద్రసాలో అరబిక్ అక్షరాలు నేర్చుకుంటాడు. ఇటువంటి పిల్లవాడి ముందు స్పానిష్ తొలి పాఠం తెరిస్తే అందులో అతనికి ఎంత కొత్త, ఎంత పాత?

20 దేశాలలో అధికార భాషగా ఉన్న స్పానిష్‌ను మన పాఠశాలల్లో సాధారణంగా ఇంగ్లిష్ ద్వారా బోధిస్తారు. పుస్తకంలోని వివరణలు కూడా ఇంగ్లిష్ మాట్లాడేవారి ఇబ్బందులను దృష్టిలో ఉంచుకుని రాసినవే. భారతీయ భాషల నుంచి నేరుగా చూస్తే చిత్రం చాలా మారిపోతుంది.

నోరు తిరగడం

స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. తెలుగువారికి వీటిలో కొత్తది ఒక్కటీ లేదు. హ్రస్వ దీర్ఘాల భేదంతో అర్థం మారదు కాబట్టి ఆ బాధ కూడా లేదు. ప, త, క అక్షరాలను ఒత్తు లేకుండా పలకడం ఇంగ్లిష్ పిల్లలకు నెలల తరబడి సాధన, మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

అయితే ఒక చిక్కుంది. రోమన్ లిపిలో 'టి', 'డి' అక్షరాలు కనిపించగానే, ఇంగ్లిష్ అలవాటు వల్ల మన పిల్లలు వాటిని ట, డలుగా పలుకుతారు. స్పానిష్‌లో అవి త, దలకు దగ్గరివి. 'తూ' అంటే నువ్వు, అది 'టూ' కాదు. తొలి వారంలోనే దీన్ని సరిచేయని ఉపాధ్యాయుడు తరువాత చాలా శ్రమపడవలసి వస్తుంది.

'జె' అక్షరానికి ఉన్న గరగర ధ్వని తెలుగులో లేదు, బెంగాలీలోనూ లేదు. ఉర్దూలో ఉంది. ఖబర్, ఖాన్ అనే మాటల మొదటి అక్షరాన్ని సరిగ్గా పలికే మెటియాబ్రుజ్ పిల్లవాడు 'త్రబాఖో' (పని) అనే మాటను తొలి ప్రయత్నంలోనే పలకగలడు. 'పేరో' అంటే కానీ, 'పేఱ్ఱో' అంటే కుక్క. మన అక్షరమాలలో అలంకారంగా మిగిలిన బండి ఱకు ఇక్కడ నిజమైన పని దొరుకుతుంది. 'మఞానా' (రేపు) అన్న మాటలో ఞ కూడా అంతే.

దర్జీ వీధిలో తెలిసిన మాటలు

ఐబీరియా ద్వీపకల్పంలో 711 నుంచి 1492 వరకు సాగిన ముస్లిం పాలన స్పానిష్‌లో వేల అరబిక్ మాటలను మిగిల్చింది. ఆ అరబిక్ మాటల్లో కొన్ని పారశీకం, ఉర్దూల మీదుగా మన దేశానికీ వచ్చాయి. నారింజను స్పానిష్‌లో 'నరాంఖా' అంటారు. ఆ మాట మన దేశం నుంచే పారశీకం, అరబిక్‌ల మీదుగా పడమరకు ప్రయాణించింది. చక్కెర 'అసూకర్' అయింది, దాని మూలం సంస్కృత శర్కర. ఉర్దూలో 'హత్తా' తెలిసినవారికి 'వరకు' అనే అర్థమిచ్చే 'ఆస్తా' పరాయిది కాదు. 'అలా జరిగితే బాగుండు' అని కోరుకునేటప్పుడు స్పెయిన్‌వారు అనే 'ఓఖలా'లో అల్లా పేరు దాగి ఉంది.

కుట్టుపనితో బతికే ఈ పేటకు తగిన మాటలు మరికొన్ని ఉన్నాయి. చొక్కాను స్పానిష్‌లో 'కమీసా' అంటారు, మన కమీజుకు దగ్గరి బంధువు. లాటిన్ మాట ఒకటి అరబిక్‌లోకి 'ఖమీస్'గా వెళ్లి అక్కడి నుంచి ఇటు వచ్చింది, అటు స్పానిష్‌లో నేరుగా నిలిచింది. పాత స్పానిష్‌లో దర్జీకి 'అల్ఫాయాతె' అనే పేరుండేది, అది అరబిక్‌లోని 'అల్ ఖయ్యాత్'. ఇప్పుడు దాని స్థానంలో 'సాస్త్రె' వాడుతున్నారు.

పోర్చుగీసు నావికులు మన తీరాలలో వదిలివెళ్లిన మాటలు ఇంకో దారి. స్పానిష్‌కు పోర్చుగీసు తోబుట్టువు వంటిది. అందువల్ల బొత్తాం 'బోతోన్'గా, తువ్వాలు 'తోఆయా'గా, మేస్త్రీ 'మాఎస్త్రో'గా తరగతిలో ఎదురవుతాయి. 'మాఎస్త్రో' అంటే బడి పంతులు కూడా. ఇస్త్రీకి మూలమైన 'ఎస్తిరార్' అన్న క్రియకు స్పానిష్‌లోనూ సాగదీయడం అనే అర్థం.

వ్యాకరణంలో మన వాటా

స్పానిష్ నేర్చుకునేవారిని ఎక్కువగా వేధించేది 'ఉండు' అనే అర్థంలో రెండు క్రియలు ఉండటం: 'సేర్', 'ఎస్తార్'. ఇంగ్లిష్ ద్వారా చెప్పే సూత్రం శాశ్వతం, తాత్కాలికం అనే విభజన. ఇది అంతగా పనికిరాదు, ఎందుకంటే ఎన్నటికీ కదలని నగరం ఎక్కడుందో చెప్పడానికీ 'ఎస్తార్' వాడాలి.

తెలుగు, బెంగాలీ విద్యార్థికి ఇంతకన్నా మంచి దారి ఉంది. 'అతను టీచరు' అన్నప్పుడు మన వాక్యంలో క్రియే లేదు. అక్కడ స్పానిష్ 'సేర్' వాడుతుంది: 'ఎస్ ప్రొఫెసోర్'. 'అతను క్లాసులో ఉన్నాడు' అంటే క్రియ వచ్చింది. అక్కడ 'ఎస్తార్': 'ఎస్తా ఎన్ లా క్లాసే'. 'పెళ్లి ఎక్కడ? మెటియాబ్రుజ్‌లో' అనే మాటల్లో మనకు క్రియ లేనట్టే, వేడుక జరిగే చోటు చెప్పడానికి స్పానిష్‌లోనూ 'సేర్' వస్తుంది. ఈ పోలిక అన్నిచోట్లా నిలవదు. 'చొక్కా తెల్లగా ఉంది' అని మనం అన్నా స్పానిష్‌లో అది 'సేర్'. అయితే దాన్నే 'చొక్కా తెల్లది' అని మార్చి చూస్తే సరిపోతుంది.

'నాకు అన్నం ఇష్టం' అనడానికి స్పానిష్‌లో 'మే గుస్తా ఎల్ ఆరోస్'. ఇంగ్లిష్ పద్ధతిలో 'నేను' కర్త అనుకునేవారు ఇక్కడ తలకిందులవుతారు. తెలుగులో 'నాకు', ఉర్దూలో 'ముఝే' అనేవారికి ఇది సొంత వాక్యమే. ఇష్టపడే వస్తువులు ఎక్కువైతే క్రియ 'గుస్తాన్' అవుతుందన్న ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. 'నువ్వు', 'మీరు' తేడా 'తూ', 'ఉస్తెద్'లలో ఉంది. కర్తను వదిలేసి 'వెళ్తాను' అన్నట్టే 'బోయ్' అనవచ్చు. ముప్పై నుంచి అంకెలు కూడా ఉర్దూ, బెంగాలీలలో వలె ఒక్కొక్కటిగా బట్టీపట్టేవి కావు, 'ముప్పై ఒకటి' ధోరణిలో నడుస్తాయి.

కష్టమంతా లింగం దగ్గర. ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అయి ఉండాలి, విశేషణం దాన్ని అనుసరించాలి. బెంగాలీలో ఈ భేదం లేదు, తెలుగులో వస్తువులకు లేదు. ఉర్దూ పిల్లలకు ఆలోచన తెలుసు గానీ జాబితా కలవదు. ఉర్దూలో కితాబ్ స్త్రీలింగం, స్పానిష్ 'లీబ్రో' పుంలింగం. 'ఓ'తో ముగిసేవి పుంలింగాలనే సూత్రాన్ని 'లా మానో' (చేయి) మొదటి నెలలోనే భగ్నం చేస్తుంది. నామవాచకాన్ని దాని ముందుండే 'ఎల్' లేదా 'లా'తో కలిపి నేర్చుకోవడం తప్ప ఇందుకు మరో మార్గం లేదు.

ఎవరికి అందుతోంది?

2020 జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాల స్థాయిలో బోధించదగిన విదేశీ భాషల్లో స్పానిష్‌ను పేర్కొంది. సీబీఎస్ఈలో దీని సబ్జెక్టు కోడ్ 096. కానీ 2023 పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం నేర్చుకునే మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలు కావాలి. మెటియాబ్రుజ్ పిల్లవాడికి ఉర్దూ, బెంగాలీ రెండూ అవసరమే. 2012 నుంచి పశ్చిమ బెంగాల్‌లో ఉర్దూ మాట్లాడేవారు పది శాతం మించిన ప్రాంతాల్లో ఆ భాషకు అధికార హోదా ఉంది. మూడో స్థానాన్ని ఇంగ్లిష్ ఆక్రమిస్తుంది. దాన్ని వదులుకునే తల్లిదండ్రులు ఎవరు? రాష్ట్రంలో 2020లో అధికార హోదా పొందిన తెలుగు మాట్లాడే ఖరగ్‌పూర్ కుటుంబాలకూ ఇదే లెక్క.

ఫలితంగా స్పానిష్ ఎక్కువగా పెద్ద ప్రైవేటు పాఠశాలల్లోనే కనిపిస్తుంది. కోల్‌కతాలో బడి బయట నేర్చుకోదలచినవారికి గోల్‌పార్క్‌లోని రామకృష్ణ మిషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కల్చర్‌లో తరగతులున్నాయి. మెటియాబ్రుజ్ నుంచి అక్కడికి వెళ్లాలంటే నగరాన్ని అడ్డంగా దాటాలి. 2023 కోల్‌కతా పుస్తక ప్రదర్శనకు స్పెయిన్ ప్రధాన అతిథి దేశంగా వచ్చింది. అంతకు ముందు వందేళ్ల నుంచే రవీంద్రనాథ్ ఠాకూర్ రచనలు సెనోబియా కంప్రుబీ, హువాన్ రమోన్ హిమేనెస్ దంపతుల అనువాదాల్లో స్పానిష్ పాఠకులకు పరిచయం. సాహిత్యంలో ఇంత దగ్గరితనం ఉన్నా బడి గడపలో అది కనిపించదు.

ఉపాధ్యాయుల కొరత మరో సమస్య. హైదరాబాద్‌లోని ఇఫ్లూ, దిల్లీలోని జేఎన్‌యూ వంటి విశ్వవిద్యాలయాలు స్పానిష్‌లో డిగ్రీలు ఇస్తున్నాయి. ఆ పట్టభద్రులను బహుళజాతి సంస్థలు బడి జీతం కన్నా ఎక్కువ ఇచ్చి తీసుకుంటాయి.

ఇదే గార్డెన్ రీచ్ తీరం నుంచి 19వ శతాబ్దంలో కరీబియన్ తోటలకు కూలీల ఓడలు బయలుదేరాయి. కోల్‌కతా నుంచి వెళ్లిన తొలి ఓడ ఫతేల్ రజాక్ 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది. వెనెజువెలా పొరుగున ఉన్న ఆ దేశం 2005లో స్పానిష్‌ను తన ప్రథమ విదేశీ భాషగా ఎంచుకుంది. ఆ కూలీల వారసులు అక్కడి బడుల్లో 'తూ', 'ఉస్తెద్' నేర్చుకుంటున్నారు.

బడిలో స్పానిష్ లేని పిల్లలకు కూడా 11 నుంచి 17 ఏళ్లవారి కోసం సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే డెలే ఎ1 పరీక్ష అందుబాటులో ఉంది. ఈ సంస్థ దిల్లీ కేంద్రం 2009లో ప్రారంభమైంది. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు భాగాల్లో పరీక్ష ఉంటుంది. ధ్రువపత్రానికి గడువు ఉండదు.