కదర్యుడి నుంచి పిసినారి దాకా

ధనం ఉండీ అనుభవించని, ఒకరికి పెట్టని మనిషికి తెలుగులో లోభి, లుబ్ధుడు, కృపణుడు, పిసినారి, పీనాసి అని పేర్లెన్నో ఉన్నా, వాటిలో సంస్కృతం నుంచి వచ్చినవి మొదట డబ్బు దాచుకోవడాన్ని చెప్పిన మాటలు కావు. కృపణ శబ్దానికి దీనుడు, జాలిపడదగినవాడు అన్నది పాత అర్థం; బృహదారణ్యకోపనిషత్తు అక్షరాన్ని, అంటే నాశనం లేని తత్త్వాన్ని, తెలుసుకోకుండానే లోకం విడిచిపోయేవాణ్ణి కృపణుడన్నదే తప్ప అతని పెట్టెలో ఎంత ఉందో అడగలేదు. లోభి, లుబ్ధుడు అనే మాటలకు మూలమైన 'లుభ్' ధాతువుకు ఆశపడటమని అర్థం కనుక, అవి ముడుచుకున్న చేతికన్నా ముందు చాచిన చేతిని సూచించాయి.

నేటి వాడుకలో కనుమరుగైన 'కదర్యుడు' మాత్రం అచ్చమైన పిసినారి. ఛాందోగ్యోపనిషత్తులో కేకయ రాజు అశ్వపతి తన దేశంలో దొంగ, కదర్యుడు, తాగుబోతు లేరని చెప్పుకోవడాన్ని బట్టి, ఆ గుణం దొంగతనం పక్కన నిలిచే దోషంగా లెక్కకు వచ్చిందని తెలుస్తుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఉద్యోగుల పరీక్షను వివరించే చోట, తాతతండ్రుల సొమ్మును అన్యాయంగా హరించే మూలహరుడినీ, వచ్చింది వచ్చినట్టే తినేసే తాదాత్వికుడినీ చెప్పి, తననూ తన సేవకులనూ బాధపెట్టి ధనం కూడబెట్టేవాణ్ణి కదర్యుడని నిర్వచించింది. అతడు సొమ్మును ఇంట్లో దాస్తాడని, ఊరివారి దగ్గర ఉంచుతాడని, పరదేశానికి దాటిస్తాడని కూడా పసిగట్టింది. పొదుపరికీ పిసినారికీ మధ్య గీత ఇంతకన్నా స్పష్టంగా గీయడం కష్టం, ఎందుకంటే ఇక్కడ కొలత మిగిలిన సొమ్ము కాదు, దానివల్ల మాడిన కడుపులు.

రాజులను, జమీందారులను ఆశ్రయించి బతికిన కవుల చేతికి వచ్చేసరికి కొలత మారింది: కానుక ఇచ్చినవాడు వదాన్యుడు, అంటే ధారాళంగా ఇచ్చే దాత, ఇవ్వనివాడు లోభి. ఈ తీర్పు అడిగేవారిదే కనుక దాన్ని కాస్త తగ్గించి చదవాలి. ఊళ్లో మాటలకు ఆ స్వార్థం తక్కువ. పిల్లికి బిచ్చం పెట్టడని, ఎంగిలి చేత్తో కాకిని తోలడని అనేటప్పుడు, చేతికంటిన మెతుకు రాలి కాకి పాలవుతుందన్న భయాన్ని కూడా జనం గమనించారు.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకంలో గురజాడ అప్పారావు ముసలి వరుడికి లుబ్ధావధాన్లు అని పేరు పెట్టి, వేదపాండిత్యానికి గుర్తయిన అవధాని బిరుదును ఆ పాత ధాతువుకు అతికించాడు. తక్కువ శుల్కానికి పిల్ల దొరికిందన్న ఆశతో అతడు తాళి కట్టింది ఆడవేషం వేసుకున్న కుర్రవాడికి.