మెరుపు ఎర

మాచర్ల నుండి విజయపురి దక్షిణానికి వెళ్లి, సాయంవేళ నాగార్జునసాగర జలాశయపు ఒడ్డున కొంతసేపు నిలిచినవారికి ఒక చిన్న దృశ్యం కనబడుతుంది. వాలుతున్న ఎండలో ఒక చేపపిల్ల నీటిలో పక్కకు తిరుగుతుంది. క్షణకాలం వెండిరేకువలె తళుక్కుమంటుంది. మరుక్షణమే దాని వెనుక నీరు భగ్గున కలగుతుంది. తరిమినది వాలుగ కావచ్చు, మరొక వేటచేప కావచ్చు. ఆ తళుకే చేపపిల్ల జాడను శత్రువుకు చెప్పినది. మానవుడు ఈ రహస్యాన్ని గ్రహించి తన ఉపాయంగా మలచుకున్నాడు. ఆ ఉపాయపు చరిత్రను మనం ఇప్పుడు పరిశీలిద్దాం.

చేప చర్మంలోను, పొలుసుల అడుగున గ్వానిన్ అనే పదార్థపు సూక్ష్మస్ఫటికాలు ఉంటవి. వెలుతురు వాటిపై పడి అద్దంమీదవలె తిరిగి వస్తుంది. ఆరోగ్యంగా ఈదే చేప మెరుపు ఒక తీరుగా ఉంటుంది. గాయపడి తడబడే చేప మెరుపు ఆగి ఆగి, వంకర టింకరగా ఉంటుంది. వేటచేపకు ఈ రెండవది సులభమైన విందుకు పిలుపు. అంతేకాదు. చేప దేహానికి ఇరువైపుల పార్శ్వరేఖ అనే స్పర్శాంగం ఒకటి కలదు. నీటి కదలిక ఎంత స్వల్పమైనా దానికి తెలుస్తుంది. కనుక నీటిలో ఆడే ఒక మెరుగు రేకు, కంటికి కాంతిని, దేహానికి కంపాన్ని, రెండింటిని ఒకేసారి అందిస్తుంది.

ఈ ఉపాయం మిక్కిలి అవసరమైనది మంచు దేశాలలో. అక్కడ శీతకాలాన సరస్సులు గడ్డకట్టిపోతవి. మంచు కప్పిన ఆ గడ్డ కింద వెలుతురు స్వల్పం. చలికి చేపలు మందగించి, తిండి వెదుకుతూ దూరం పోవు. చేప వద్దకు మనిషి పోలేడు కనుక, చేపనే మనిషి వద్దకు రప్పించాలి. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతివారు మంచుగడ్డకు రంధ్రం తొలిచి, దంతంతో చెక్కిన చిన్న చేపబొమ్మను దారానికి కట్టి దింపి, పైకి కిందికి ఆడించేవారు. దానిని చూడవచ్చిన నిజమైన చేపను మూడు కొనల ఈటెతో పొడిచేవారు. ఆ బొమ్మకు గాలం లేదు. దాని పని పిలవడమే. 1852లో అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే అతడు చెంచా ఆకారపు లోహపు ఎరకు పేటెంటు పొందాడు. నేడు మంచు రంధ్రాలలో ఆడుతున్న తళుకు రేకులు, బ్యాటరీతో మిణుకుమనే చిన్న దీపాలు ఆ పాత దంతపు బొమ్మకు వారసులే.

మన తెలుగునాట చెరువుల నీరు గడ్డకట్టదు. కాని గాలపు విద్య మనకు కొత్త కాదు. కారెంపూడి రణరంగంలో పల్నాటి వీరులు నేలకొరిగిన 12వ శతాబ్దంలోనే, దాని పూర్వార్ధాన, కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాస గ్రంథంలో మత్స్యవినోదాన్ని గురించి ఒక ప్రకరణం రచించాడు. చేపల జాతులను, వాటికి తగిన ఎరలను అందులో వివరించాడు. మన చెరువుల వద్ద కొరమీను కోసం గాలానికి కప్పను గుచ్చి నీటిమీద ఎగిరించే జాలరి ఆ గ్రంథం చదివి ఉండడు. కాని కదలికయే ఎరకు ప్రాణమన్న సూత్రం అతనికి పూర్తిగా తెలుసు.

ఇంతవరకు ఇది ఒక గాలానికి, ఒక చేపకు నడుమ జరిగే పోటీ. మోసం ఉన్నది, నిజమే. కాని చేపకు తప్పించుకునే అవకాశమూ ఉన్నది. వెలుగు పెరిగిన కొద్దీ ఆ అవకాశం తరిగినది. సముద్రంమీద శక్తిమంతమైన ఎల్‌ఈడీ దీపాలు వెలిగించినప్పుడు పెద్దవి, పిల్లలు అనే భేదం లేక చేపల గుంపులు అక్కడ చేరుతవి. వల వాటిని చుట్టివేస్తుంది. అందువల్లనే భారత ప్రభుత్వం 2017 నవంబరు 10న మన ప్రత్యేక ఆర్థిక మండలపు జలాలలో ఈ కృత్రిమ దీపాల వేటను నిషేధించినది.

వేటకు హద్దు గీయాలన్న ఆలోచన కొత్తది కాదు. అశోకుడు తన ఐదవ స్తంభశాసనంలో కొన్ని నియత దినాలలో చేపలను చంపరాదని, అమ్మరాదని ఆజ్ఞాపించాడు. 1897 నాటి భారత మత్స్యచట్టం నీటిలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరంగా ప్రకటించినది. సాధనాలు మారినవి, హద్దు వెనుక ఉన్న భావం ఒక్కటే. రేపటికి విత్తనం మిగలాలి.

ఈ మాట పల్నాటికి దూరమైనది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు సాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. నాగార్జునకొండ లోయ మునిగి జలాశయం ఏర్పడగా, దానిని నమ్ముకుని వలలు పట్టిన కుటుంబాలు వెలసినవి. శ్రీశైలం, సాగర్ జలాశయాలలో చేపపిల్లలను సైతం ఊడ్చివేసే అలివి వలలను అధికారులు పట్టుకున్న వార్తలు మనం పలుమార్లు విన్నాం. అలివి వలకు తళుకు లేదు, దీపం లేదు. కాని అది చేసే నష్టం సముద్రంమీది ఆ దీపాలు చేసే నష్టమే. నేడు పిల్లను తీసినవాడు రేపటి పెద్దచేపను తన పక్క పడవవానికి, తన బిడ్డకు కూడా దక్కనివ్వడు.

మెరుపును చూచి మోసపోవడం చేప స్వభావం. దానికి ముందుచూపు లేదు. ఒక్కనాటి నిండు వల కూడా తళుకు రేకు వంటిదే. దానిని చూచి మోసపోకుండా ఉండగల వివేకం మనిషికి ఉన్నది. విజయపురి ఒడ్డున సాయంవేళ ఆ వెండి తళుకు మన మనుమలకు కూడా కనబడాలంటే, ఆ వివేకాన్ని మనం నేడే వినియోగించాలి.