అబూ ఖతాదా గారు వంచిన గిన్నె

మిలాద్ జల్సాల్లోనో, మక్తబ్‌లోనో, లేకపోతే వాట్సాప్‌లోనో ఈ ఖిస్సా మీరు వినే ఉంటారు. ప్రవక్త (స) గారి దగ్గర ముఎజ్జా అనే బిల్లీ ఉండేదట. ఒకరోజు అది ఆయన ఆస్తీన్ మీద నిద్రపోయిందట. అజాన్ అయితే, దాన్ని లేపడం ఇష్టం లేక ఆ ఆస్తీన్ గుడ్డను కత్తిరించి నమాజుకు వెళ్ళారట. వింటే దిల్ కరుగుతుంది. కానీ బుఖారీ, ముస్లిం మొదలుకొని ఏ హదీసు కితాబులోనూ ఈ రివాయత్ లేదు. సనద్ లేదు, ముఎజ్జా అన్న పేరూ లేదు.

ఇంచుమించు ఇదే ఖిస్సా మరో బుజుర్గ్ గురించి పాత తారీఖ్ కితాబుల్లో ఉంది. ఆయన ఇరాఖ్‌లో 1182లో వఫాత్ అయిన హజ్రత్ షేఖ్ అహ్మద్ రిఫాయీ (ర). మన దక్కన్‌లో రిఫాయీ ఫఖీర్ల జర్బ్ చూసినవాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. ఆయన ఆస్తీన్ మీద బిల్లీ పడుకుంది, ఆయన గుడ్డ కత్తిరించి నమాజుకు వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అది లేచిపోయింది. అప్పుడు ఆ ముక్కను మళ్ళీ తెచ్చి కుట్టుకున్నారు. ఈ కుట్టుకోవడం అనే మాట నాకు భలే నచ్చుతుంది. గరీబు మనిషి ఇంట్లో జరిగిన సంగతిలా ఉంటుంది.

అసలు మనకు సనద్ లేని ఖిస్సా ఎందుకు కావాలి? బిల్లీ గురించి సహీ రివాయతులే ఉన్నాయి కదా. పైగా వాటిలో రహమ్ ఒక్కటే కాదు, ఆ జానవర్ మిజాజ్ కూడా ఉంది. అది ఎలాంటిది, ఎలా మసలుతుంది అన్నది చూసి చెప్పిన మాటలవి.

అబూ ఖతాదా (రజి) గారి ఇంటి సంగతి తీసుకోండి. మదీనా అన్సారీ సహాబీ ఆయన. ఆయన బహూ పేరు కబ్షా, కఅబ్ ఇబ్నె మాలిక్ (రజి) గారి కూతురు. ఒకరోజు మామగారి వజూ కోసం ఆమె నీళ్ళు పోస్తోంది. ఇంతలో ఒక బిల్లీ వచ్చి ఆ నీళ్ళలో మూతి పెట్టబోయింది. మనలో ఎవరైనా ఏం చేస్తాం? "హుష్" అని తరుముతాం. ఆయన మాత్రం గిన్నెను దానివైపు వంచి పట్టుకున్నారు, అది తాగినంతసేపూ. బహూ తనవైపే చూస్తోందని గమనించి, ఇదేమిటని తాజ్జుబ్ పడుతున్నావా అని అడిగారు. ఆమె ఔనంది. బిల్లీ నాపాక్ కాదని, అది మీ చుట్టూ తిరుగాడేవాళ్ళలో ఒకటని ప్రవక్త (స) సెలవిచ్చారని ఆయన చెప్పారు. ఇమాం మాలిక్ గారి మువత్తాలో, అబూ దావూద్, తిర్మిజీల్లో ఇది ఉంది.

తిరుగాడేవాళ్ళు అన్నచోట అరబీలో ఉన్న లఫ్జ్ 'తవ్వాఫీన్'. కాబా చుట్టూ చేసే తవాఫ్ కూడా ఆ మూలంలోంచి వచ్చిన మాటే. ఇదే కుదురులోని మాట ఖుర్‌ఆన్‌లో సూరె నూర్ 58వ ఆయత్‌లో వస్తుంది. ఇంట్లో పనిచేసే గులాములూ, బాలిగ్ కాని పిల్లలూ మూడు ప్రత్యేక వేళల్లో ఇజాజత్ అడిగి గదిలోకి రావాలి, మిగతా సమయాల్లో అడగక్కర్లేదు, ఎందుకంటే వాళ్ళు మీ దగ్గరికి వస్తూ పోతూ ఉండేవాళ్ళే అని. మాటిమాటికీ తలుపు దగ్గర ఆపితే ఇల్లు నడవదు కదా. ఉలమా ఈ రెండు చోట్లనూ కలిపి చదివారు. ఇంటి పిల్లలకు ఏ కారణంతో సడలింపు వచ్చిందో, బిల్లీకీ ఆ కారణంతోనే వచ్చింది. అది మన ఇంట్లో అడగకుండా తిరుగుతుంది, ఆపడం మన వల్ల కాదు, అందుకే దాని ఎంగిలితో మన పాత్రలు నాపాక్ కావు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఒక జానవర్ స్వభావాన్ని ముందు అర్థం చేసుకుని, దాన్నిబట్టి మస్అలా చెప్పారు. బిల్లీని మార్చమనలేదు, మన గిన్నెల లెక్కను మార్చారు. మన హనఫీ కితాబుల్లో వేరే నీళ్ళు ఉన్నప్పుడు బిల్లీ ఎంగిలి నీళ్ళతో వజూ మక్రూహ్ తన్‌జీహీ అని రాసి ఉంటుంది. అది ఎలుకను తిని వెంటనే మూతి పెట్టి ఉండొచ్చన్న ఎహ్తియాత్ అది. నానీలు పాలగిన్నె మీద మూత పెట్టమని గొడవ చేసేది ఊరికే కాదన్నమాట. కానీ మూత పెట్టుకోవడం వేరు, నాపాక్ అని బిల్లీని కర్రతో కొట్టడం వేరు.

ఈ 'తిరుగాడే' గుణం ఎక్కడి నుంచి వచ్చింది? మన ఇంటి పిల్లికి అసలు పూర్వీకురాలు అరబ్, షామ్, మిస్ర్ వైపు తిరిగే అడవి పిల్లి. ఫెలిస్ లిబికా అంటారు. 2007లో 979 పిల్లుల డీఎన్‌ఏ పోల్చి చూసి ఈ సంగతి తేల్చారు. దానికి మూడేళ్ళ ముందు, 2004లో, సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధి సంగతి బయటపెట్టారు. మనిషిని పూడ్చిన చోటికి జానెడు రెండు జానల దూరంలో ఎనిమిది నెలల పిల్లి అస్థిపంజరం. ఆ ద్వీపంలో పిల్లులు స్వతహాగా లేవు. అంటే ఎవరో పడవలో ఎక్కించుకుని తెచ్చారు. మనిషి ధాన్యం దాచాడు, ధాన్యం కోసం ఎలుక వచ్చింది, ఎలుక కోసం పిల్లి వచ్చిందని ఆలిమ్‌ల అంచనా. గొర్రెకు తాడు కట్టి తెచ్చుకున్నాం. పిల్లి తనంతట తానే గడప దాటి వచ్చింది.

కుక్కతో పోల్చి పిల్లికి వఫాదారీ లేదనేవాళ్ళు మరిచిపోయే సంగతి ఒకటుంది. కుక్క పూర్వీకులు గుంపుగా వేటాడతాయి, వాటికి ఒక సర్దార్ మాట వినడం అలవాటు. అడవి పిల్లి ఒంటరిగా వేటాడుతుంది, ఒంటరిగా తింటుంది. దాని రక్తంలో హుకుం పాటించే ఆదత్ లేదు. వినబడక కాదు. జపాన్‌లో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో పిల్లులు తమ పేరును వేరే మాటల నుంచి పోల్చుకుంటాయని తేలింది. పిలిస్తే చెవి కదిలిస్తుంది, తల తిప్పుతుంది, అంతే. రావాలా వద్దా అన్నది దాని మర్జీ.

కాళ్ళ చుట్టూ తిరుగుతూ బుగ్గలు రుద్దుతుంది కదా, అది ఒట్టి భూక్ వల్ల కాదు. దాని బుగ్గల్లో, నుదుటి దగ్గర వాసన గ్రంథులు ఉంటాయి. ఆ వాసన మనకు పూసి, ఈ మనిషి నావాళ్ళలో ఒకరు అని ముద్ర వేస్తుంది. తవ్వాఫీన్ అన్న లఫ్జ్ గుర్తొచ్చి నాకు ఇక్కడ నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. మ్యావ్ సంగతీ అంతే. పెద్ద పిల్లులు తమలో తాము మాట్లాడుకోవడానికి ఆ కూత పెద్దగా వాడవు. చిన్నప్పుడు అమ్మీని పిలిచిన కూతను పెద్దయ్యాక మన కోసం అట్టిపెట్టుకుంటాయి.

మరి మన కహావత్‌లు ఏమంటాయి? తొమ్మిది వందల ఎలుకల్ని తిని బిల్లీ హజ్‌కు బయలుదేరిందని ఉర్దూలో. కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందని తెలుగులో. 14వ శతాబ్దంలో ఫార్సీ షాయర్ ఉబైద్ జాకానీ 'మూష్-ఓ-గుర్బా'లో తౌబా చేసినట్టు నటించి ఎలుకల్ని మింగే కిర్మాన్ పిల్లిని చూపించాడు. పంచతంత్రంలోని దొంగ తపసి పిల్లి దీనికి చుట్టమే. మునాఫిఖ్ ముల్లాలను, దొరలను తిట్టడానికి పిల్లి వేషం బాగా కుదిరింది, సరే. కానీ ఆ తిట్టు అసలు పిల్లి నెత్తిన పడింది. అది కళ్ళు అరమోడ్చేది మక్కారీతో కాదు, ఎదుటివాళ్ళ మీద భరోసా ఉన్నప్పుడు. 2020లో ఇంగ్లండ్‌లో పరీక్షించారు. మనిషి పిల్లివైపు చూసి నెమ్మదిగా కళ్ళు మూసి తెరిస్తే, పిల్లి కూడా అలాగే చేసింది. అలా చేసిన కొత్తమనిషి దగ్గరికి ఎక్కువగా వచ్చింది. ఇవాళ ఇంట్లో మీరూ చేసి చూడండి. గుడ్లు ఉరిమి చూస్తే మాత్రం దానికి అది ధమ్‌కీ.

ఎదురొస్తే అపశకునం అనే వహమ్ సంగతి ఎక్కువ చెప్పను. శకునాలు నమ్మొద్దని హదీసుల్లో సాఫ్‌గా ఉంది. అయినా బండి ఆపి, వేరేవాళ్ళు ముందు దాటేదాకా నిలబడే మన భాయీలను రోజూ చూస్తున్నాం.

పాతకాలం ఆలిములు మాత్రం ఆ జానవర్‌ను కూర్చుని గమనించారు. బస్రాకు చెందిన జాహిజ్ 'కితాబుల్ హయవాన్'లో, కైరోలో 1405లో వఫాత్ అయిన దమీరీ 'హయాతుల్ హయవాన్'లో బిల్లీకి చోటు ఇచ్చారు. నూహ్ (అలై) నావలో ఎలుకలు పెరిగిపోతే సింహం తుమ్మిందని, ఆ తుమ్ములోంచి పిల్లి పుట్టిందని ఉన్న ఖిస్సా కూడా వాటిలో కనిపిస్తుంది. దాన్ని దాస్తాన్‌గానే చూడాలి. మలం మీద మట్టి కప్పేది ఎలుకకు వాసన తగలకూడదని అంటాడు దమీరీ. కారణం కాస్త అటూ ఇటూ కావచ్చు. ఇవాళ్టి పరిశీలకులైతే ఇంటి దగ్గర కప్పి, హద్దుల్లో కప్పకుండా వదిలే పిల్లుల్ని చూశారు. కానీ ఆ చర్యకు ఒక అర్థం ఉందని ఆయన అప్పుడే వెతికాడు. మనవాళ్ళు డబ్బా బయట పాస్ పోసిందని చెంప మీద ఒకటి ఇస్తారు. అది కసి తీర్చుకోవడం కాదు. డబ్బా మురికిగానో, ఇంట్లో హంగామాగానో ఉండాలి, లేదా దానికి ఒంట్లో బాగుండకపోవాలి.

ఇక అందరికీ తెలిసిన హదీసు, బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్నది. ఒక ఔరత్ పిల్లిని బంధించి చనిపోయేదాకా ఉంచింది. దాని కారణంగా ఆమె జహన్నం పాలైంది. మనం ఇంతవరకే చెప్పి ఆపేస్తాం. ఆ రివాయత్‌లో గునాహ్‌ను విడమరిచిన తీరు చూడండి. ఆమె తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా ఏరుకు తినడానికి వదిలిపెట్టనూ లేదు. పెట్టు, లేదా వదులు. పిల్లి వేటాడి బతకగల జానవర్ అని తెలిసినవాళ్ళ మాట అది. మేకను కట్టేసినా అదే గునాహ్, కానీ పిల్లి దగ్గర 'వదలడం' అనే రెండో దారి నిజంగా ఉంది.

ఈ హదీసు ఇప్పుడు మన ఫ్లాట్ల తలుపు తట్టుతోంది. ఈద్‌కు పిల్లలు అడిగారని బొచ్చు బిల్లీని కొంటున్నాం. పర్షియన్ అంటే చాలు, ధర ఎంతైనా సరే. పిల్లి ధర తీసుకోవడాన్ని నాపసంద్ చేసిన రివాయత్ సహీ ముస్లింలో ఉంది. ఎక్కువమంది ఫుఖహా అమ్మడం జాయిజ్ అన్నారు, నేను ముఫ్తీని కాను, ఆ బహస్‌లోకి పోను. కానీ ఆ అణిగిన ముక్కు ఈరాన్‌ది కాదు. తర్వాత యూరప్, అమెరికాల్లో ముద్దుగా ఉంటుందని పెంచుతూ పోయిన ముక్కు. ఊపిరి సరిగ్గా ఆడక అది గురక పెడుతుంటే మనం వీడియో తీస్తాం. ఇక ఈ బిల్లీని మూడో అంతస్తులో తలుపేసి ఉంచాక 'వదలడం' అనే దారి మూసుకుపోయింది. అప్పుడు 'పెట్టడం' అంటే ప్యాకెట్ తిండి ఒక్కటేనా? ఎక్కి కూర్చునే ఎత్తు, బయటికి చూసే కిటికీ, గోళ్ళు గీసుకునే చెక్క, వేట ఆట ఆడించే తాడుముక్క కూడా దాని రిజ్ఖ్‌లో భాగమేనని నా రాయ్. ఏడాది తిరక్కుండా సోఫా గీకుతోందని దాన్ని సంచిలో పెట్టి మటన్ మార్కెట్ దగ్గర వదిలి వచ్చేవాళ్ళూ ఉన్నారు. వేట నేర్చుకోని పిల్లికి అది ఆజాదీ కాదు.

పిల్ల ఎక్కడి నుంచి తెస్తున్నామన్నదీ ముఖ్యమే. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగిలిన పిల్ల జీవితమంతా మనుషులతో కలుపుగోలుగా ఉంటుంది. ఆ రోజులు దాటాక దొరికిన పిల్ల మంచం కింద దాక్కుంటే అది పొగరు కాదు, ఖౌఫ్. హజ్రత్ అబూ హురైరా (రజి) అసలు పేరు అబ్దుర్రహ్మాన్. మేకలు కాస్తూ ఒక బుల్లి పిల్లిపిల్లను వెంట ఉంచుకునేవారట. రాత్రి దాన్ని చెట్టు మీద పెట్టేవారు, పగలు తీసుకెళ్ళి ఆడించేవారు. ఆ పేరు అలా వచ్చిందని తిర్మిజీలో ఉంది. చెట్టు మీద! ఎత్తున ఉంటేనే పిల్లికి నిశ్చింత అని ఆ కుర్రాడికి ఎవరు చెప్పారో.

మిస్ర్‌లో ఇబ్నె బాబ్‌షాజ్ అనే పెద్ద నహ్వీ ఉండేవారు, 1077లో వఫాత్. సర్కారీ కాగితాల్లో అరబీ తప్పులు దిద్దే తన్‌ఖా నౌకరీ ఆయనది. ఒకరోజు మస్జిద్ కప్పు మీద దోస్తులతో తింటుంటే ఒక పిల్లి వచ్చింది. ముద్ద పెట్టారు, నోట కరుచుకుని పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. వెంట వెళ్ళి చూస్తే మరో కప్పు మీద గుడ్డి పిల్లి ఒకటి ఉంది, ఆ ముద్దలు దానికోసం. ఒక బేజుబాన్‌కు రిజ్ఖ్ ఇలా అందుతుంటే నాకెందుకీ చింత అనుకుని ఆయన నౌకరీ వదిలేశారని ఇబ్నె ఖల్లికాన్ రాశాడు.

ఆయన ఊళ్ళోనే, రెండు శతాబ్దాల తర్వాత, సుల్తాన్ జాహిర్ బైబర్స్ (పాలన 1260–1277) తన మస్జిద్ దగ్గరి బాగ్‌ను పిల్లుల కోసం వఖ్ఫ్ చేశాడు. దాని ఆమ్‌దనీతో కైరోలో దిక్కులేని పిల్లులకు తిండి పెట్టాలని షరతు. 1830లలో ఎడ్వర్డ్ లేన్ అనే అంగ్రేజు అక్కడ నివసించి పుస్తకం రాశాడు. అప్పటికి ఆ బాగ్ చేతులు మారి మారి శిథిలమైపోయింది, రాబడి పేరుకే మిగిలింది. అయినా ఖాజీ ఆ బాధ్యత మోస్తూనే ఉన్నాడు. రోజూ అస్ర్ వేళకు మహ్‌కమా ముందున్న పెద్ద ఆవరణలో తిండి పెట్టేవారు, పిల్లులు గుంపులుగా వచ్చేవి. ఊళ్ళో ఎవరైనా ఇక పెంచలేమనుకుంటే పిల్లిని తీసుకొచ్చి ఖాజీ ఇంటి దగ్గర వదిలి వెళ్ళేవారట. వదిలేవాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారు, కానీ వదలడానికి వాళ్ళకు ఒక చిరునామా ఉండేది.