పాముతోళ్ల నుంచి ప్రాణమందు దాకా

చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో వడనెమ్మేలి అనే ఊరుంది. అక్కడి మొసళ్ల పార్కు ఆవరణలోనే ఇరుళర్ పాములవాళ్ల సహకార సంఘం ఉంది. మనలో చాలామంది మొసళ్లను చూసి వచ్చేస్తారు గానీ, ఈ సంఘం చరిత్ర కూడా తెలుసుకోవాల్సిందే.

ఇరుళర్లు తమిళనాడులోని గిరిజనులు. నెల్లూరు వైపు యానాదుల్లాగే వీళ్లకూ పాములు, ఎలుకలు పట్టడం తాతలనాటి విద్య. ఒకప్పుడు పాముల్ని చంపి, తోళ్లు వ్యాపారులకు అమ్మేవారు. ఆ తోళ్లు విదేశాలకు పోయేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాముతోళ్ల ఎగుమతి ఆగిపోయింది. పాములు బతికాయి, బాగానే ఉంది. మరి ఇరుళర్లు ఏం తిని బతకాలి?

దానికి జవాబుగా, రోములస్ విటేకర్ చొరవతో 1978లో ఈ సంఘం ఏర్పడింది. విద్య పాతదే, కానీ ఇప్పుడు పాముని చంపరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటిని పట్టి, మూతికి గుడ్డ కట్టిన మట్టికుండల్లో ఉంచుతారు. కొన్ని వారాల్లో కొన్నిసార్లు విషం తీసి, పొట్ట కింది పొలుసు మీద గుర్తుపెట్టి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు తయారుచేస్తారు.

ఈ పనిలో బలం కంటే నిదానం ముఖ్యం. పాము పగబట్టి కరవదు, బెదిరితేనే కరుస్తుంది. అందుకే వాళ్లు గబగబా కదలరు. కొక్కెం కర్రతో ఒంటికి ఊతమిచ్చి ఎత్తుతారు, గట్టిగా నొక్కరు.

2017లో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అమెరికాలోని ఫ్లోరిడాకి వెళ్లి, అక్కడివాళ్లకి దొరకని కొండచిలువల్ని జాడ చూసి పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బడి చదువు లేకపోయినా విద్య విద్యే కదా!

అలాగని మనం పాముల్ని పట్టబోకూడదు. అడవి పాముని ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం. పాము కనిపిస్తే కర్ర కోసం వెతక్కుండా మెల్లగా వెనక్కి జరిగి, అటవీశాఖకు కబురుచేయాలి. కరిస్తే కోతలు, మంత్రాలు వద్దు. కరిచిన చోటు కదలనీయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ఎక్కించే మందు వెనక ఏ ఇరుళర్ చేతి ఓర్పో ఉండొచ్చు.