క్యుబెక్ పాతబస్తీలో అసలు ఫైర్‌వాల్

ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగంలో ‘ఫైర్‌వాల్’ అన్న మాట వినని రోజు లేదు. అది నిజంగా ఓ గోడ అనీ, మంటల్ని ఆపడానికి కట్టేదనీ, మూడు వందల ఏళ్ళ కిందట దానికోసం ఓ చట్టమే చేశారనీ 2023 వేసవి దాకా నా బుర్రకెక్కలేదు.

ఆ ఏడాది అమ్మా, నాన్నగారూ టొరంటో వచ్చారు. నయాగరా చూపించడం అయిపోయింది (మనవాళ్ళెవరొచ్చినా మొదటి మొక్కు అక్కడే కదా!). ఓ లాంగ్ వీకెండ్‌కి పులిహోర కట్టుకుని, ఎనిమిది వందల కిలోమీటర్లు కారులో క్యుబెక్ నగరానికి వెళ్ళాం.

క్యుబెక్ అంటే అక్కడి ఆదివాసుల అల్గోంక్విన్ భాషలో ‘నది ఇరుకైన చోటు’. సెయింట్ లారెన్స్ నది అక్కడ సుమారు కిలోమీటరు వెడల్పుకి కుంచించుకుపోతుంది. ఇంకెవరైనా అయితే కిలోమీటరు ఇరుకేమిటని అడుగుతారు గానీ, మాది గోదావరి ఒడ్డున యానాం దగ్గర పల్లెటూరు, మావాళ్ళు వెంటనే ఒప్పేసుకున్నారు.

1608లో శామ్యూల్ ద షాంప్లేన్ అనే ఫ్రెంచివాడు ఇక్కడ కొండ కింద, నీటి అంచున చెక్కతో కోటలాంటి ఇల్లొకటి కట్టాడు. ఊరు అక్కణ్ణుంచి రెండంతస్తులుగా పెరిగింది. కొండ మీద ఎగువ ఊళ్ళో గవర్నరు, చర్చి, మఠాలు, ఆసుపత్రి. కింద దిగువ ఊళ్ళో వర్తకులు, గిడ్డంగులు, ఓడల రేవు. దేవుడూ దొరా పైన, డబ్బు కింద! రెంటినీ కలిపేవి నిటారు మెట్లు. ఒకదాని పేరే ‘మెడ విరగ్గొట్టే మెట్లు’. 1879 నుంచి పట్టాల మీద నడిచే ఫ్యునిక్యులర్ కూడా ఉంది. అమ్మ మోకాళ్ళ పుణ్యమా అని మేం అదే ఎక్కాం.

దిగువ ఊళ్ళో కొండకీ నదికీ మధ్య నేల బహు తక్కువ. అందుకే ఇళ్ళు భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంటాయి. 1682 ఆగస్టులో నిప్పంటుకుని ఆ పేటలో చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత రాతి కట్టడాలు పెరిగాయి. 1727లో ద్యుప్యీ అనే అధికారి ఇళ్ళెలా కట్టాలో శాసనం రాశాడు. చదివితే మన బిల్డింగ్ కోడ్ చదివినట్టే ఉంటుంది. పట్నంలో ఇళ్ళు రాతితోనే కట్టాలి. కప్పుకి చెక్కపెంకులు వాడకూడదు. లోపల కలప దట్టంగా ఉండే మాన్సార్డ్ కప్పులు కూడదు. ఇంటికీ ఇంటికీ మధ్య రాతిగోడ కప్పుని దాటి పైకి లేవాలి. పై గోడల్ని చూపించి, “ఇదండీ అసలు ఫైర్‌వాల్” అన్నాను నాన్నగారితో.

అటక నేలని కూడా నిప్పంటకుండా గట్టిగా వేయాలట, మండుతున్న కప్పుని కూలదోసినా కింద ఇల్లు దక్కేలా. అది చెప్పగానే నాన్నగారు ఆగిపోయారు. “మా చిన్నప్పుడు మేం చేసింది అదేరా” అన్నారు. ఎండాకాలం తాటాకు ఇళ్ళ పేటలో ఒక పాక అంటుకుంటే, జనం దాన్ని ఆర్పడం మానేసి పక్క పాకల కప్పులు లాగేసేవారట. ఒకసారి కాలని పాక కప్పు లాగినందుకు దాని యజమాని వీళ్ళని ఆర్నెల్లు తిట్టాడట. అక్కడ గోడ, ఇక్కడ ఖాళీ, లెక్క ఒకటే.

మా ఊరికీ క్యుబెక్‌కీ ఇంకో చుట్టరికం ఉంది. ఏడేళ్ళ యుద్ధంలో 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ మన బందరు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి గుంజుకున్నాడు. అదే సెప్టెంబరులో క్యుబెక్ ఇంగ్లీషువాళ్ళ పాలైంది. 1763 పారిస్ ఒప్పందంలో ఫ్రాన్సు కెనడాని వదులుకుంది, యానాంని తిరిగి పుచ్చుకుంది! క్యుబెక్ లొంగేముందు నది అవతల్నుంచి రెండు నెలలు ఫిరంగులు పేల్చారు. దిగువ ఊరు శిథిలమైంది. 1688లో మొదలెట్టిన నోత్ర్‌దామ్ దే విక్త్వార్ చర్చి లోపలంతా కాలిపోయింది. రిచర్డ్ షార్ట్ అప్పుడు గీసిన బొమ్మల్లో కప్పుల్లేని ఇళ్ళూ, వాటి మధ్య నిలిచిన గోడలూ కనిపిస్తాయి.

తర్వాత కలప వ్యాపారం రోజుల్లో రేవుకోసం నదిలోకి మట్టి పోసుకుంటూ పోయారు. ఇప్పటి డల్హౌసీ వీధి అలా పూడ్చిన నేలే. వర్తకం మాంట్రియల్‌కి తరలిపోయాక పేట పేదదైపోయింది. కొండ మీద కోటగోడని కూడా పడగొట్టాలనుకుంటే, 1870లలో గవర్నర్ జనరల్ డఫరిన్ అడ్డుపడ్డాడు (మనల్ని ఏలిన డఫరినే!).

షాంప్లేన్ ఇల్లు కట్టిన చోటు ఇప్పుడు ప్లాస్ రోయాల్ అనే చౌరస్తా. దాని చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ మూడు వందల ఏళ్ళవని నేను నమ్మాను. కాదు. 1967లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి, 1970లలో ఆ పేటని ఫ్రెంచి కాలపు రూపానికి మార్చింది. అందుకోసం తర్వాతి కాలపు అంతస్తులు తీసేశారు, కొన్ని కట్టడాలు పడగొట్టి పాత పద్ధతిలో మళ్ళీ కట్టారు. దీని మీద చాలా వాదన నడిచింది. 1985లో యునెస్కో పాత క్యుబెక్‌ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

“అయితే కొత్తదాన్ని పడగొట్టి పాతది కట్టారన్నమాట” అన్నారు నాన్నగారు. నాకు చప్పున మా ఇల్లు గుర్తొచ్చింది. తాతగారి మండువా లోగిలిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడానికి బాబాయిలు అప్పటికే ఒప్పుకున్నారు. మిగిలింది నాన్నగారి సంతకం. కెనడా నుంచి ఫోన్లో “పాత ఇల్లు ఎందుకులెండి, సంతకం పెట్టేయండి” అని చెప్పింది నేనే. ఆ చౌరస్తాలో నిలబడి ఆ మాట మళ్ళీ అనలేకపోయాను. ఆయనా ఎత్తలేదు.

ఆ డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు మా అబ్బాయి టేపు ఒక చివర పట్టుకున్నాడు. మండువా నిడివి, స్తంభాల ఎత్తు, వాసాల మధ్య ఎడం అన్నీ కొలిచి కాగితం మీద గీశాం. నాన్నగారు ఒక్కో గదిలో ఎవరు పుట్టారో చెబుతూ వెనకే నడిచారు. కాగితం నా దగ్గరుంది. సంతకం ఇంకా కాలేదు.