పేరులేని యుద్ధము

రేడియో నాటకము వినుట కలవాటుపడిన మనకు ఒక సంగతి తెలియును. ఎండుటాకులపై అడుగుల చప్పుడు నాలుగుమారులు వినిపించినచో, కనులు మూసికొని కూర్చున్న శ్రోత తనంత తానే అడవిని కల్పించుకొనును. అతనికి చెట్లను చూపనక్కరలేదు. దీనికి సరిగా తలక్రిందులైన పని యొకటి 1951లో అమెరికాలో జరిగినది. ఇరువదిరెండేండ్ల యువకు డొకడు నిజమైన అడవిలో, నిజమైన యేటి యొడ్డున, నలుగురు సైనికుల కథను చిత్రించుకొని వచ్చెను. చెట్లున్నవి, నీరున్నది, పొగమంచున్నది. శబ్దము మాత్రము లేదు. మాటలు, అడుగులు, తుపాకి మ్రోతలు అన్నియు తరువాత చేర్చవలసినవే. ఆ శబ్దమే అతని కొంప ముంచెను.

ఆ యువకుడు స్టాన్లీ క్యూబ్రిక్. ఆ చిత్రము పేరు 'ఫియర్ అండ్ డిజైర్'. అనగా భయము, వాంఛ. 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్', '2001' మున్నగు చిత్రములతో లోకప్రసిద్ధుడై 1999లో మరణించిన దర్శకు డితడే. ఆ పెద్ద చిత్రములను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. మనము చెప్పుకొనబోవునది, అతడు తన చేతులతో తానే మరుగుపరచ దలచిన చిత్రము.

క్యూబ్రిక్ 1928లో న్యూయార్కు నగరమున జన్మించెను. బడిచదువు అంతంతమాత్రమే. 1945లో ప్రెసిడెంటు రూజ్‌వెల్టు మరణవార్త పత్రికలలో వచ్చిననాడు, ఆ పత్రికల నడుమ దిగులుగా కూర్చున్న అంగడివానిని ఫొటో తీసి 'లుక్' పత్రికకు అమ్మెను. ఆ పిమ్మట ఆ పత్రికలోనే ఫొటోగ్రాఫరుగా కుదిరెను. ఉద్యోగము మానిన తరువాత పార్కులో పందెమునకు చదరంగమాడి చిల్లర సంపాదించిన రోజులును కలవు. ముష్టియుద్ధ వీరుని గూర్చి ఒక చిన్న చిత్రమును తీసి అమ్మగలిగెను. అంతటితో పెద్దచిత్రమును తీయగలనను ధైర్యము కలిగినది. అప్పటికి కొరియా యుద్ధము జరుగుచున్నది. 1950 జూన్‌లో మొదలైన ఆ యుద్ధమునకు అమెరికా యువకులు ఓడలనెక్కి పోవుచుండిరి. యుద్ధకథ జనులకు రుచించుననుకొనుటలో వింతలేదు. కాని క్యూబ్రిక్ యుద్ధరంగమును కన్నులార చూచినవాడు కాడు.

తనతో చదువుకొనిన హోవర్డ్ సాక్లర్ అను కుఱ్ఱకవి కథ వ్రాసి యిచ్చెను. ఈ సాక్లరే తరువాత నాటకకర్తయై 1969లో పులిట్జరు బహుమానము నందుకొనెను. పెట్టుబడి పెట్టినవాడు లాస్ ఏంజిలీసు ప్రాంతమున మందుల అంగళ్ళు గల మేనమామ, మార్టిన్ పర్వెలర్. మొదట అనుకొనిన ఖర్చు సుమారు 10,000 డాలర్లు. హాలీవుడ్‌లో ఆ పైకముతో ఒక తార చీరెసారెలకైనను సరిపడదు. ఛాయాగ్రహణము, దర్శకత్వము, కూర్పు అన్నియు క్యూబ్రిక్ తానే చేసికొనెను. అతని భార్యయు పనిలో చేయివేసెను. మెక్సికో కూలీలు కొందరు పరికరములను మోసిరి. కెమెరాను కదలించుచు చిత్రించుటకు పెద్ద స్టూడియోలలో పట్టాలు పరచి బండి నడుపుదురు. ఇక్కడ పసిపిల్లలను త్రిప్పు తోపుడుబండిలో కెమెరాను పెట్టి నడిపిరి. లాస్ ఏంజిలీసుకు ఉత్తరమున నున్న శాన్ గేబ్రియల్ కొండలే యుద్ధభూమి.

ఇట్టి కథలను చెప్పునప్పుడు అందరును ముచ్చటపడుదురు, మేమును ముచ్చటపడినవారమే. కాని ఒక సంఘటన మాత్రము గొంతున అడ్డుపడుచున్నది. కథకు పొగమంచు కావలసివచ్చెను. పొలములపై పురుగులమందు చల్లు యంత్రమునొకదానిని తెచ్చి దానితో పొగ వెడలించిరి. యంత్రమున పాత మందు మిగిలియుండెను. నటులకును, పనివారికిని ఊపిరాడక ప్రాణము మీదికి వచ్చెను. ఎవరును చనిపోలేదు గనుక ఇప్పుడిది సరదా కథగా చెప్పబడుచున్నది. కొంచెము డబ్బుతో గొప్పపని చేసెనని ఒకని మెచ్చుకొనునప్పుడు, ఆ కొరతను ఎవరి యొడలు భరించినదో కూడ అడుగవలయునని మాకు తోచును.

ఇక కథ. విమానము కూలి, శత్రువుల సరిహద్దుకు కొన్ని మైళ్ళ లోపల నలుగురు చిక్కుకొందురు. లెఫ్టినెంటు కోర్బీ చదువుకొన్నవాడు, మాటకారి. సార్జెంటు మాక్ ముదురు సిపాయి. పెద్ద పని యేదియు చేయకుండ బ్రదుకు తెల్లవారిపోవుచున్నదని లోలోన కుమిలెడివాడు. ఫ్లెచర్, సిడ్నీ పిన్నవారు. తెప్ప గట్టుకొని రాత్రివేళ ఏటివెంట తమవారిని చేరవలెనని వారి పన్నుగడ. దారిలో ఒక గుడిసెలో భోజనము చేయుచున్న శత్రుసైనికులను చంపి, వారి కంచములలోని తిండిని వీరు తిందురు. చంపిన వానికిని ఆకలి యున్నది, చచ్చినవానికిని ఆకలి యున్నది. ఆ రెంటి నడుమ చల్లారిన కూర యొక్కటే. ఈ దృశ్యమున మాటలు లేవు, అందుచేతనే అది బాగున్నది.

మరునాడు ఏటియొడ్డున పల్లెపడుచు యొకతె వీరి కంటబడును. విడిచినచో చెప్పివేయునేమోయని ఆమెను బెల్టులతో చెట్టునకు గట్టి, కావలికి సిడ్నీని ఉంచి తక్కినవారు పోవుదురు. రాత్రి జరిగిన హత్యలతో సిడ్నీ మనస్సు అప్పటికే చెదరియున్నది. అతని భాష ఆమెకు తెలియదు. ఆమెను నవ్వింపవలెనని శత్రు సేనాపతివలె నటించును; దోసిట నీరు తెచ్చి త్రాగించును; తుదకు కట్లు విప్పును. ఆమె పరుగెత్తును. అతడు కాల్చును. ఆ పిమ్మట షేక్స్‌పియరు 'టెంపెస్టు'లోని ప్రాస్పెరోను పలవరించుచు అడవిలోనికి పారిపోవును. సిడ్నీ వేషము వేసిన పాల్ మజర్‌స్కీ అప్పటికి కాలేజీ విద్యార్థి. తరువాత తానును దర్శకుడయ్యెను.

చివరి ఘట్టమున మాక్ ఒంటరిగా తెప్పపై పోయి, శత్రువుల గుండ్లను తనవైపు మరల్చుకొనును. ఆ సందున కోర్బీయు ఫ్లెచరును సేనాపతి విడిదిపై పడి, అతనిని, అతని సహాయకుని చంపి, అక్కడి విమానములో తప్పించుకొందురు. గాయపడి ప్రాకుచున్న సేనాపతి ముఖమును చూచి కోర్బీ నిశ్చేష్టుడగును. ఆ ముఖము తనదే! సేనాపతి వేషమును కోర్బీ వేషధారి కెన్నెత్ హార్పే వేసెను; సహాయకుని వేషమును ఫ్లెచర్ వేషధారియే వేసెను. ఇద్దరు నటుల జీతము మిగిలినది. అంతకంటె పెద్ద పనియు జరిగినది. శత్రువని మనము పిలుచువాడు మన ముఖమునే ధరించి యుండునను మాటను ఆ చిత్రములోని ఉపన్యాసము లెన్నియు చెప్పలేకపోగా, ఈ పొదుపు చెప్పెను. ఇది పొదుపా, ఊహయా యని తర్కించువారు తర్కింతురుగాక; తెరపై రెండును ఒక్కటే.

ఇదే కాలమున, ఇంచుమించు ఇటువంటి కథనే మరియొకడు చిత్రించెను. అతడు సామ్యూల్ ఫుల్లర్. అమెరికా మొదటి పదాతి దళమున ఆఫ్రికాలోను, సిసిలీలోను, నార్మండీలోను పోరాడి వచ్చినవాడు. అతని 'ది స్టీల్ హెల్మెట్' 1951లో వెలువడినది. దళమునుండి చెదరిపోయిన సైనికులు కొరియాలో ఒక బౌద్ధాలయమున తలదాచుకొందురు. ఖర్చు లక్ష డాలర్లకు కొంచెము పైన, చిత్రీకరణ 10 దినములు, కొరియా దేశముగా చూపినది లాస్ ఏంజిలీసు నగరములోని గ్రిఫిత్ పార్కు, సైనికులుగా కాలేజీ విద్యార్థులు, టాంకు చెక్కపలకలది. కాని ఆ సైనికులు చెమటోడ్చుదురు, బూటులనుగూర్చి దిగులుపడుదురు, విసుగుకొందురు. చిత్రములో ఒక అమెరికా సార్జెంటు యుద్ధఖైదీని కాల్చును. సైన్యాధికారులు కోపించిరి. ఇట్టిది జరుగుట తాను ఎరుగుదునని ఫుల్లర్ బదులు చెప్పెను. క్యూబ్రిక్ అట్లు చెప్పజాలడు. అతని సైనికులు కవిత్వము మాటాడుదురు. ఈ యుద్ధము ఏ దేశమునదియు కాదని మొదటనే ఒక కంఠము ప్రకటించును. కొరియాలో నిజముగా చచ్చుచున్న రోజులలో పేరులేని యుద్ధమును చిత్రించుట ధైర్యమా, తప్పించుకొనుటయా? కొంత రెండవదే యని మా యభిప్రాయము. ఎరుగనిదానికి పేరు పెట్టుటకు అతడు జంకెను. అయినను, ఎరుగకయే ఎరిగినట్లు జెండా లెగురవేసిన చిత్రములు ఆ దినములలో కొల్లలుగా వచ్చినవి. వానికంటె ఈ జంకు మేలు.

శబ్దము కథకు మరలుదము. మాటలు లేకుండ చిత్రించి తరువాత చేర్చినచో ఖర్చు తగ్గునని క్యూబ్రిక్ లెక్క వేసికొనెను. లెక్క తప్పెను. పెదవుల కదలికకు మాటను అతుకుట, ప్రతి యడుగునకు చప్పుడు కూర్చుట, వాద్యగోష్ఠిని పిలిచి సంగీతము పట్టుట సామాన్యమైన పనులు కావు. సంగీతము కూర్చిన జెరాల్డ్ ఫ్రీడ్ అతని మిత్రుడు. ఇంతయు ముగియునప్పటికి మొత్తము ఖర్చు 50,000 డాలర్లు దాటినది. కొరత పూడ్చుకొనుటకు లింకన్ జీవితమును గూర్చిన టెలివిజన్ చిత్రమాలలో క్యూబ్రిక్ కూలికి పనిచేయవలసివచ్చెను.

కాని రేడియో శ్రోత చెవితో విన్నచో, ఆ శబ్దభాగములో ఒక విశేషము కలదు. నలుగురును అడవిలో నడచుచుండగా పెదవులు కదలవు. ఒక్కొక్కని మనస్సులోని మాట ఒకదానిపై నొకటి పడుచు వినబడును. ఎవరి భయము ఎవరిదో తెలియదు. ఇది తెరపై కొంత వింతగా నుండవచ్చును గాని, రేడియో నాటకముల వారికి ఇంటిసొమ్మువంటిది.

1953 వసంతమున న్యూయార్కులోని గిల్డ్ థియేటరులో చిత్రము విడుదలయ్యెను. కొరియాలో పోరు ఆగుటకు ఇంకను కొన్ని మాసములున్నవి. పంపకము చేసినవాడు జోసెఫ్ బర్‌స్టిన్. ఇటలీ చిత్రములను అమెరికాకు తెచ్చి చూపినవాడు. సినిమాకును వాక్స్వాతంత్ర్యము గలదని 1952లో సుప్రీంకోర్టుచేత చెప్పించినవాడు. అట్టివాని సంస్థయే ఈ చిత్రమునకు అచ్చొత్తించిన పోస్టరులో, చెట్టునకు గట్టబడిన ఆ పడుచును సగము మృగమన్నట్లు వర్ణించినది! కథలో ఆమె చేపలు పట్టుకొను పల్లెపిల్ల. ఆచార్యుడును కవియునైన మార్క్ వాన్ డోరెన్ మెచ్చుకొనెను. టిక్కెట్లు మాత్రము తెగలేదు. మేనమామ సొమ్ము తిరిగి రాలేదు. ఆ యేడు నవంబరులో బర్‌స్టిన్ మరణించెను. చిత్రము మరుగున పడెను.

క్యూబ్రిక్ కోరినదియు అదే. కీర్తి వచ్చినకొలది ఆ చిత్రమనిన అతనికి సిగ్గు హెచ్చెను. 1994లో న్యూయార్కులో ఒక థియేటరువారు దానిని ప్రదర్శింపబూనగా, అది చేతగాని ప్రయత్నమనియు, అనుభవములేనివాని అభ్యాసమనియు తన మాటగా విమర్శకులకు తెలియజేయించెను. అయినను రోచెస్టరులోని ఈస్ట్‌మన్ మ్యూజియమున ప్రతి యొకటి పదిలముగా నుండెను. 2012లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము బాగుచేసిన ప్రతి బయటికి వచ్చినది.

కన్నతండ్రి వద్దనగా చూచుట న్యాయమా? మేమీ విషయమున చాల తడవులు మనస్సు మార్చుకొంటిమి. అతని తీర్పు అబద్ధము కాదు: సంభాషణలు బరువు, నటన హెచ్చుతగ్గులు. కాని అది అతని యొక్కని పనియా? పరికరములు మోసిన కూలీలు, విషపుపొగ పీల్చిన నటులు, తొలివేషము వేసిన వర్జీనియా లీత్ అందులో నున్నారు. వారి పనిని చెరపు అధికారము ఒక్కనికి ఎట్లు వచ్చును? అదిగాక, ఈ చిత్రము లేనిచో అతని తరువాతి చిత్రములలోని ఒక జాడ మనకు తెలియదు.

ఆ జాడ చెట్టునకు గట్టబడిన పడుచుదే. ఆమె నోట మాట దాదాపు లేదు. 1987లో వియత్నాము యుద్ధమును గూర్చి తీసిన 'ఫుల్ మెటల్ జాకెట్' చివర మరల ఒక పడుచు నేలపై పడియుండును. మరల ఒక సైనికుడు కాల్చును. ఈ రెంటి నడుమ 1957లో 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, ఫ్రెంచి సేనాపతులు తమ తప్పును కప్పిపుచ్చుకొనుటకు తమ సైనికులనే కాల్పించిన కథ యది. ఫ్రాన్సులో 1975 వరకు ప్రదర్శింపబడలేదు. దాని చివర ఒక సారాయి దుకాణములోనికి బందీయైన జర్మను పిల్లను ఈడ్చుకొని వత్తురు. ఫ్రెంచి సైనికులు ఈలలు వేయుదురు, కేకలు పెట్టుదురు. ఆమె వణకుచు తన భాషలో పాట యెత్తుకొనును. మొదట ఆమె గొంతు కేకలలో వినబడదు. క్రమముగా కేకలు తగ్గును. ఆ పాటలోని మాట యొక్కటియు తెలియని సైనికులు ఒక్కొక్కరే కన్నీరు తుడుచుకొనుచు, నోరు మూసికొని ఆమెతో కూనిరాగము తీయుదురు.